ఎవరి ప్రశ్న ముందు? గర్భసంచి ఆపరేషన్లపై పరిశోధన ప్రాధాన్యాలను ఊరివాళ్లతో కలిసి తేల్చిన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

గర్భసంచి తీయించుకోవడం తెలుగు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నను మొదటిసారి అడిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. దేశవ్యాప్తంగా ఆపరేషన్ నాటి మధ్యస్థ వయసు 34 ఏళ్లు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటులో జరిగాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసుకే మెనోపాజ్ వచ్చేస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. అండాశయాలు ఉంచినా, మామూలుకన్నా కొన్నేళ్లు ముందే అవి పనిచేయడం మానేసి మెనోపాజ్ వచ్చే అవకాశం ఎక్కువ. ముప్పై నాలుగేళ్ల మనిషికి ఇంకా ముప్పై ఏళ్ల కూలి పని మిగిలి ఉంటుంది.

ఈ ఆపరేషన్ల మీద మూడేళ్లపాటు పరిశోధన చేయడానికి ఒక సంస్థకు నిధులు వచ్చాయి. పరిశోధనాంశాల ఎంపికలో ప్రజల భాగస్వామ్యం ఉండాలని నిధులిచ్చినవాళ్లు షరతు పెట్టారు. ఆ ఎంపికను నడిపించే పని మా బృందానికి అప్పగించారు. చోటు తెలంగాణలోని ఒక మెట్ట జిల్లాలో పత్తి పండే రెండు మండలాలు, వాటిలో 11 ఊళ్లు, 4 తండాలు. సంస్థ పేరు, ఊళ్ల పేర్లు, తేదీలు ఇవ్వడం లేదు. మనుషుల లెక్కలను గుర్తుపట్టే వీలు లేకుండా కాస్త సవరించాం. పద్ధతిలో మాత్రం ఏమీ మార్చలేదు.

మా చేతికి వచ్చేసరికి ఉన్న పరిస్థితి

సంస్థ దగ్గర అప్పటికే 9 అంశాల జాబితా ఉంది. స్త్రీవైద్య నిపుణులు కూర్చుని రాసింది. కోత పెట్టి చేయడం మేలా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే లాప్రోస్కోపీ మేలా అన్నది మొదటి అంశం. కుట్లకు చీము పట్టడం, సంచి జారినప్పుడు ఏ పద్ధతిలో ఆపరేషన్ చేయాలి, అండాశయాలు తీశాక హార్మోన్ మాత్రలు ఎన్నాళ్లు వాడాలి వంటివి తర్వాత ఉన్నాయి. వీటిలో ఒక్కటీ పనికిరాని ప్రశ్న కాదు. కానీ అన్నీ ఆపరేషన్ చేయాలని తేలిపోయాక పుట్టే ప్రశ్నలే. అసలు ఆపరేషన్ దాకా ఎందుకొచ్చింది, అయ్యాక ఇంటికెళ్లిన మనిషి సంగతేంటి అన్నవి ఆ జాబితాలో లేవు.

ఆ 9 అంశాలను సంస్థవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక మీటింగు పెట్టి ఆడవాళ్లకు చదివి వినిపించారు. ముందు వరసలో డాక్టర్లు కుర్చీల్లో, ఆడవాళ్లు కింద చాప మీద. మూడో అంశం దాటాక, సార్లు ఏది మంచిదంటే అదే అన్నారు ఆడవాళ్లు. మినిట్స్‌లో దాన్ని 'ఏకగ్రీవ ఆమోదం' అని రాశారు. ఇలాంటి మీటింగులు చూసినవాళ్లకు ఆ మాట అర్థం వేరని తెలుసు. అడిగిన తీరులో మరో జవాబు చెప్పే సందు లేనప్పుడు జనం మర్యాదగా తప్పుకునే మాట అది.

పద్ధతి ఎంచుకోవడం

ఈ పనికి పేరున్న పద్ధతులు రెండు పరిశీలించాం. ఒకటి పిల్లల ఆరోగ్య, పోషకాహార పరిశోధన కోసం పుట్టిన సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ పద్ధతి. నిపుణులు పరిశోధన అంశాలు రాసి, జవాబు దొరుకుతుందా, అమలు చేయగలమా, జబ్బు భారం ఎంత తగ్గుతుంది, ఫలితం పేదలకూ అందుతుందా వంటి కొలమానాల మీద మార్కులు వేస్తారు. ఏ కొలమానానికి ఎంత బరువివ్వాలో చెప్పడానికి మామూలు జనాన్ని అడగొచ్చు. లెక్క స్పష్టంగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది. కానీ ప్రశ్న పుట్టేది నిపుణుల దగ్గరే. ఇక్కడ లోపం ఉన్నదే ప్రశ్న పుట్టే చోట కాబట్టి దాన్ని వద్దనుకున్నాం.

రెండోది బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ పద్ధతి. రోగులు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు, వైద్యం చేసేవాళ్లు సమానంగా కూర్చుంటారు. ముందు అందరి దగ్గరా ప్రశ్నలు పోగేస్తారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఇప్పటికే జవాబు ఉన్నవాటిని ఏరి పక్కన పెడతారు. మధ్యలో ఒక ఓటింగు, చివర్లో ఒక వర్క్‌షాపు పెట్టి మొదటి పదీ తేలుస్తారు. వైద్యం చేయని పరిశోధకులకు, మందుల కంపెనీలకు ఓటు ఉండదు. ఈ నియమాలన్నీ తీసుకున్నాం. తీసుకోలేనిది సర్వే. అక్కడ ప్రశ్నలు ఎక్కువగా ఆన్‌లైన్‌లో పోగవుతాయి. ఇక్కడ ఇంట్లో ఫోను భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. తెల్లబట్ట గురించి, నెలసరి గురించి కొడుకు ఫోనులో రాసి పంపమని ఏ తల్లినీ అడగలేం.

పని మొదలుపెట్టే ముందే సంస్థతో ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాం. చివరి జాబితాలోని మొదటి 5 ప్రశ్నల్లో కనీసం 2 చేపడతాం, చేపట్టని ప్రతిదానికీ కారణం తెలుగులో రాసి ఊళ్లలో చదివి వినిపిస్తాం అని. ఆ సంతకానికే ఆరు వారాలు పట్టింది. జాబితా తేలాక అడిగి ఉంటే ఆ సంతకం దొరికేది కాదు. ఏ ప్రశ్నలు పైకి వస్తాయో ఎవరికీ తెలియని రోజునే అలాంటి మాట తీసుకోవడం తేలిక.

మొదట చేసి చెడిపోయినవి

మొదటి మార్గం మహిళా పొదుపు సంఘాలు. ప్రతి ఊళ్లో గ్రామ సమాఖ్య ఉంది, నెలనెలా మీటింగు ఉంది. వచ్చేవాళ్ల రిజిస్టరు కూడా ఉంది కాబట్టి అదే దారి అనుకున్నాం. మూడు ఊళ్లలో చేశాక రిజిస్టరునూ ఊరినీ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం తెలిసింది. లోను కిస్తీ కట్టలేక సంఘం నుంచి తప్పుకున్నవాళ్లు, వలస పోయి వచ్చేవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు ఆ రిజిస్టరులో లేరు. తండాల నుంచి ఒక్కరూ రాలేదు. మీటింగు పగలు పదకొండింటికి, అదీ పత్తి ఏరే రోజుల్లో. వచ్చినవాళ్లలో కూడా సమాఖ్య అధ్యక్షురాలు ఏ ప్రశ్న చెబితే మిగతావాళ్లు దానికే తలూపారు. అధ్యక్షురాలి తప్పేం లేదు, మీటింగంటే అక్కడ అలాగే నడుస్తుంది.

రెండోసారి ఆశా కార్యకర్తల చేత ఇంటింటికీ ఫారాలు పంపాం. ఊళ్లో ప్రతి ఇల్లూ తెలిసింది వాళ్లకే. రెండు వారాల్లో దండిగా ఫారాలు వచ్చాయి. కానీ ఒక ఊరి నుంచి వచ్చిన 40 ఫారాల్లో దాదాపు అన్నింటిలో ఒకే వాక్యం ఉంది: 'పెద్దాసుపత్రిలో వసతులు పెంచాలి.' చేతిరాతా ఒకటే. ఆశాకు ఇప్పటికే ఉన్న పనికి తోడు ఇదొకటి నెత్తిన పడింది, పైగా ఫారానికి ఇంత అని మేం ఏమీ ఇవ్వలేదు. ఇంకో కారణం తర్వాత తెలిసింది. ఆపరేషన్‌కు ఫలానా ఆసుపత్రికి పొమ్మని దారి చూపింది ఆశానే అయితే, ఆమె ముందు ఆ ఆపరేషన్ మీద అనుమానం ఎవరూ చెప్పరు. ఆ ఫారాలన్నీ పక్కన పెట్టాం. ఆశాలను ప్రశ్నలు పోగేసే పని నుంచి తప్పించి, వాళ్ల ప్రశ్నలు వాళ్లే చెప్పే ఒక గుంపుగా కూర్చోబెట్టాం. చెప్పవలసింది వాళ్ల దగ్గర చాలా ఉంది.

మూడోది అన్నిటికన్నా పెద్ద పొరపాటు, బయటికి కనిపించనిది కూడా. సమావేశాల పద్ధతి సరిదిద్దుకున్నాక (ఎలాగో కింద రాశాం) 212 ప్రశ్నలు వచ్చాయి. ఇద్దరు పరిశోధకులు వాటిని ఇంగ్లిషులోకి మార్చి, ఒకే రకానివి కలిపి, పరిశోధన ప్రశ్న రూపంలోకి తెచ్చి, మళ్లీ తెలుగులో రాశారు. 31 ప్రశ్నలు తేలాయి. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంది. వాటిని ఊళ్లోకి తీసుకెళ్లి చదివాం. ఒక ఆవిడ అడిగిన ప్రశ్న కార్డు మీద ఇలా ఉంది:

'సంచి తీసినంక నడుము వట్టుకుంటాంది. పత్తి మూట ఎత్తుడు ఎప్పటిసంది మంచిది? ఎత్తితే లోపట ఏమన్న ఐతదా?'

అది మూడు చేతులు మారి, 'గర్భసంచి తొలగింపు అనంతరం జీవన నాణ్యతను ప్రభావితం చేసే అంశాలు' అయి కూర్చుంది. ఈ వాక్యంలో కలిపేసిన అసలు ప్రశ్నలు 8. వాటిని అడిగిన ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఇది నా ప్రశ్న అని గుర్తుపట్టలేదు. నడుము పోయింది, మూట పోయింది, ఎప్పటినుంచి అన్నదీ పోయింది. ఇలాంటి తలకట్టు కింద ఏ పరిశోధన చేసినా చెల్లుతుంది. ఆవిడకు కావలసిన జవాబు, అంటే ఎన్ని వారాలకు ఎన్ని కిలోలు ఎత్తొచ్చు అన్నది, దొరక్కపోయినా చెల్లుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ప్రశ్నలను కుదించే పని తెరవెనక జరిగింది, అక్కడ ఆడవాళ్ల తరఫు మనిషి ఎవరూ లేరు. ప్రజల్ని ఎంతమందిని పిలిచామన్నదే లెక్క పెట్టుకుంటూ పోతే ఈ చోటు కంటికి ఆనదు.

నాలుగోది ఓటింగు. ప్రయోగానికి ఒక ఊళ్లో గోడకు చార్టులు కట్టి, ఒక్కొక్కరికి 5 రంగు స్టిక్కర్లు ఇచ్చి నచ్చిన ప్రశ్న పక్కన అంటించమన్నాం. మొదటి నలుగురూ అంటించిన చోటే మిగతావాళ్లూ అంటించారు. అత్తల వెనక కోడళ్లు వెళ్లారు. ఆ ఊరి ఓట్లు లెక్కలోకి తీసుకోలేదు.

నిలబడిన మార్పులు

సమయం, చోటు. పగటి మీటింగులు మానేశాం. రాత్రి ఏడున్నర తర్వాత, లేదా అమావాస్య రోజున పెట్టాం. అమావాస్యకు పొలం పనులు ఆపే అలవాటు ఆ ఊళ్లలో ఇంకా ఉంది. ఊరి నడిబొడ్డున ఉన్న పంచాయతీ భవనం వదిలేసి ఎస్సీ కాలనీలో ఒకటి, తండాలో ఒకటి, బీసీ వాడలో ఒకటి విడివిడిగా పెట్టాం. తండాలో లంబాడీ మాట్లాడేందుకు మొదట ఒక మాస్టారును తీసుకెళ్లాం. మగమనిషి ముందు ముట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. తర్వాతి సారి అదే తండాలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి వచ్చింది. ప్రశ్నలు వచ్చింది అప్పుడే.

కూలి. పోయిన పనికి డబ్బివ్వాలన్నది మొదటినుంచీ అనుకున్నదే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం ప్రయాణ ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చు. అది ఆశపెట్టి రప్పించేంత మొత్తం కాకూడదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. చిక్కు మొత్తం దగ్గర వచ్చింది. పత్తి ఏరే కైకిలి కిలో లెక్కన ఇస్తారు. రోజు కూలికి ఒక సగటు తీస్తే, చేయి చురుకైన మనిషి నష్టపోతుంది. అందుకని ఆ వారం బాగా ఏరే మనిషికి వచ్చే కూలినే అందరికీ లెక్కగట్టాం. రాత్రి మీటింగులకు సగం కూలి ఇచ్చాం. డబ్బు కవరులో పెట్టి మీటింగు మొదలవకముందే చేతికిచ్చాం. చివర్లో ఇస్తే, ఇష్టం లేకపోయినా లేచి వెళ్లలేరు. నచ్చని మాట అనడానికీ వెనకాడతారు. కవరు అందుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయినవాళ్లు అన్ని మీటింగుల్లో కలిపి ముగ్గురే.

గుంపులు. ఊరి ఆడవాళ్లలో ఆపరేషన్ అయినవాళ్లు ఒక గుంపు. తెల్లబట్ట, ఎర్రబట్ట, పొత్తికడుపు నొప్పి ఉండి ఆపరేషన్ కానివాళ్లు ఇంకొకటి. తండా ఆడవాళ్లు మూడోది. భర్తలు, అత్తలు నాలుగోది. ఆశాలు, ఏఎన్‌ఎంలు అయిదు, డాక్టర్లు ఆరు. మొదటి రెండింటినీ విడదీయడం గురించి చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. ఆపరేషన్ అయినవాళ్ల ముందు, అసలది అవసరమా అని అడగడం వాళ్ల నిర్ణయాన్ని తప్పుపట్టినట్టే అవుతుంది. విడిగా కూర్చుంటే రెండు గుంపులూ తమ అనుమానం తాము చెప్పుకోగలిగాయి. ఆర్‌ఎంపీల దగ్గర ప్రశ్నలు తీసుకున్నాం గానీ ఓటు ఇవ్వలేదు. ఆసుపత్రికి మనిషిని పంపితే ముట్టే కమీషన్ గురించి మూడు గుంపుల్లో విన్నాక, వాళ్ల లాభం ఈ జాబితాతో నేరుగా ముడిపడి ఉందని తేలింది. ఆపరేషన్లు చేసే ప్రైవేటు డాక్టర్లకు మాత్రం ఓటిచ్చి, ఆ సంగతి అందరి ముందూ చెప్పించాం. వాళ్లను పూర్తిగా బయట పెడితే వైద్యం తెలిసిన ఓటు సగం పోతుంది, వచ్చిన జాబితాను వాళ్లు ఒప్పుకోరు కూడా. ఈ తేడా పూర్తిగా న్యాయమా అని బృందంలోనే ఏకాభిప్రాయం రాలేదు.

కార్డు. కుదించడంలో జరిగిన పొరపాటుకు విరుగుడు ఇదే. ప్రతి కార్డుకూ రెండు గళ్లు. పై గడిలో అడిగిన మనిషి మాట, ఆమె యాసలోనే, ఒక్క అక్షరం మార్చకుండా. కింది గడిలో పరిశోధన ప్రశ్న. కింది గడిని పెన్సిల్‌తోనే రాయాలి. అడిగిన గుంపులో కనీసం ఇద్దరికి చదివి వినిపించి, ఇది మేం అడిగిందే అంటేనే పెన్నుతో దిద్దాలి. రెండు కార్డులు కలపాలంటే రెండు పై గళ్లూ కొత్త కార్డు మీదికి రావాలి. మూట ఎత్తే ప్రశ్న కింది గడి నాలుగు సార్లు చెరిపాక ఇలా నిలిచింది: 'గర్భసంచి తీయించుకున్న కూలి పనివారు ఎన్ని వారాల తర్వాత, ఎంత బరువుతో మొదలుపెడితే నడుము నొప్పి, సంచి చోట జారడం వంటివి పెరగకుండా పనికి తిరిగి పోగలరు?' ఇంగ్లిషు అనువాదం అన్నిటికన్నా చివర, ఎథిక్స్ కమిటీ కోసం మాత్రమే చేశాం. ఇలా తిరిగి చేస్తే 212 ప్రశ్నలు 44 దగ్గర ఆగాయి. 31 కన్నా ఎక్కువే, కానీ ప్రతిదానికీ ఒక సొంతదారు ఉంది.

జవాబు ఉన్న ప్రశ్నలు. 44లో 15 ప్రశ్నలకు వైద్యశాస్త్రంలో జవాబు ఇప్పటికే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగింది, 'తెల్లబట్ట ముదిరితే క్యాన్సర్ ఐతదా?' అన్నది. తెల్లబట్ట తనంతట తాను క్యాన్సర్‌గా మారదు. చాలావరకు అది సహజం, లేదా మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. దుర్వాసన, రక్తపు చార, కలిసినప్పుడు రక్తం కనబడితే మాత్రం గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించాలి. పద్ధతి ప్రకారమైతే ఇలాంటి ప్రశ్నలను జాబితా నుంచి తీసేయాలి. కానీ సరిగ్గా ఆ భయం మీదే ఎంతోమంది ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు. 'జవాబు ఉంది' అని కార్డు పక్కన పడేస్తే, అడిగిన మనిషికి మళ్లీ ఏమీ దక్కదు. అందుకే రెండు పనులు చేశాం. ఆ 15 ప్రశ్నలకూ జవాబులు రాసి, తర్వాతి మీటింగులోనే ఒక స్త్రీవైద్యురాలి చేత చెప్పించాం. అలాగే, ఉన్న జవాబు ఊరికి ఎందుకు చేరడం లేదు, ఎవరు చెబితే నమ్ముతారు అన్నదాన్ని కొత్త ప్రశ్నగా మిగతా 29 పక్కన చేర్చాం. అది గుంపుల నుంచి కాకుండా బృందం నుంచి వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న. కార్డు మీద ఆ సంగతి రాసి ఉంచాం.

చింతగింజలు. 30 ప్రశ్నలు ఒకేసారి చదివితే ఎవరికీ గుర్తుండవు. పదేసి చొప్పున మూడు విడతలుగా పెట్టాం. ప్రతి ప్రశ్నకూ ఒక బొమ్మ, ఒక మట్టి ముంత. విడతకు ఒక్కొక్కరికి 6 చింతగింజలు, ఒక ముంతలో 3కు మించి వేయకూడదు. గదికి చీర అడ్డం కట్టి ఒక్కొక్కరినే లోపలికి పంపాం. లోపల ఒక కార్యకర్త ప్రశ్నలు చదివి, గింజలు వేసేటప్పుడు వెనక్కి తిరిగి నిలబడుతుంది. మొదట స్టీలు గిన్నెలు పెట్టాం. గింజ పడిన చప్పుడు బయటికి వినబడుతోంది, ఎటువైపు గిన్నె మోగిందో బయట కూర్చున్నవాళ్లు పోల్చేస్తున్నారు. మట్టి ముంతలు తెచ్చి అడుగున ఇసుక పోశాం. ఇంకొకటి, తలుపు దగ్గరి ముంత ప్రతి ఊళ్లోనూ నిండుగా ఉంటోంది. అప్పటినుంచి ప్రతి అయిదుగురికీ ముంతల వరస మార్చాం. ఏ ప్రశ్నలు కలిసి ఒక విడతలో వస్తాయన్నదీ ఊరూరికీ మార్చాం. బలమైన ప్రశ్నల మధ్య పడిన ప్రశ్నకు గింజలు తక్కువ పడతాయి, అది ఆ ప్రశ్న తప్పు కాదు.

లెక్క. గింజలన్నీ ఒకచోట పోసి లెక్కపెడితే పెద్ద గుంపుదే గెలుపు. అందుకని ఏ గుంపుకు ఆ గుంపు వరస తీశాం. ప్రతి గుంపు మొదటి 3 ప్రశ్నలూ మొత్తం లెక్కతో పని లేకుండా చివరి వర్క్‌షాపుకు వెళ్తాయి. దీనివల్ల బతికిన ప్రశ్న ఒకటుంది. తండాల నుంచి చెరుకు కొట్టడానికి జంటలు అడ్వాన్సు తీసుకుని వలస పోతారు. నెలసరి రోజుల్లో పని ఆగితే కూలి కోత. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే ఆడవాళ్లలో ఈ ఆపరేషన్లు ఎంత పెరిగాయో 2019లో బయటపడి, అక్కడి ప్రభుత్వం కమిటీ వేయాల్సి వచ్చింది. తండా అడిగింది కూడా అదే: వలస పోయే ముందు సంచి తీయించుకుంటే పనికి మేలా, కీడా? తండాలో అది రెండో స్థానంలో ఉంది. అందరి గింజలూ కలిపి చూస్తే 19వది. కలిపి లెక్కపెట్టి ఉంటే ఆ ప్రశ్న అక్కడితో ముగిసేది. ఆరు గుంపుల మొదటి మూడేసి ప్రశ్నల్లో ఒకటైనవి పోను 14 మిగిలాయి.

చివరి వర్క్‌షాపు

24 మంది: 12 మంది ఆడవాళ్లు (ఏడుగురికి ఆపరేషన్ అయింది, నలుగురు తండాలవాళ్లు), 6గురు ఆశాలు, ఏఎన్‌ఎంలు, 6గురు డాక్టర్లు. సంస్థ పరిశోధకులు గోడ పక్కన కూర్చుని చూడొచ్చు, అడిగితే తప్ప మాట్లాడకూడదు. అందరం సమానం అని చూపడానికి చాపలు పరుద్దామనుకున్నాం. ఆపరేషన్ అయినవాళ్లలో నలుగురు గంటకు మించి కింద కూర్చోలేమన్నారు. అందరికీ ఒకే రకం కుర్చీలు గుండ్రంగా వేశాం.

ఎనిమిదేసి మంది చొప్పున మూడు మిశ్రమ జట్లు. ప్రతి జట్టులో నలుగురు ఆడవాళ్లు ఉండాలి. జట్టుకు ఒక్కరే ఉంటే నోరు విప్పరు, ఇద్దరైనా డాక్టరు మాటకు తగ్గిపోతారు. మొదటి వంతు ఆడవాళ్లది, తర్వాత ఆశాలు, చివర డాక్టర్లు. 14 కార్డులను నేల మీద పేర్చి, పైకీ కిందికీ జరుపుతూ వరస తేల్చాలి. మధ్యాహ్నం జట్లను కలగలిపి మళ్లీ ఒకసారి. మూడు జట్ల వరసలను కలిపితే మొత్తం వరస వస్తుంది, దాన్ని సాయంత్రం అందరూ కలిసి చర్చించాలి.

అసలు గొడవ ఒక కార్డు దగ్గర వచ్చింది: 'మందులకు తగ్గేదానికి గూడ సంచి తీస్తుండ్రా? ఎవలు చూస్తుండ్రు?' ఇది ఫిర్యాదే గానీ పరిశోధన ప్రశ్న కాదన్నది ఒక డాక్టరు అభ్యంతరం. దాన్ని 'నిర్ణయాన్ని ప్రభావితం చేసే అంశాలు'గా మారుద్దామని గోడ పక్క నుంచి సలహా వచ్చింది. ఆ మార్పుతో ప్రశ్న ఆసుపత్రి మీది నుంచి జరిగి ఆడదాని మీదికి వస్తుంది. నడిపించేవాళ్లు ఇక్కడ తటస్థంగా ఊరుకోకూడదనుకున్నాం. కార్డు నియమం ప్రకారం కింది గడి మార్చాలంటే అడిగినవాళ్లు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోలేదు. కేస్ షీట్లు తిరగేసి, ఆపరేషన్‌కు రాసిన కారణం ఏమిటి, అంతకు ముందు మందులు వాడి చూశారా అని లెక్క తీయడం పరిశోధనేనని ఇంకో డాక్టరు గట్టిగా చెప్పారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఆ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. 'ఎవలు చూస్తుండ్రు' అన్నదానికి చట్టం దృష్టిలో కూడా జవాబు కావాలి. కార్డు అలాగే ఉండి, మూడో స్థానంలో నిలిచింది.

డాక్టర్ల మాట వీగిపోయిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. అధిక రక్తస్రావానికి ముందు మందులు, గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్ వాడి చూసే చికిత్సను, రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచే నడపగలమా అన్నది ఒక వైద్యురాలి ప్రశ్న. ఊరి గుంపుల్లో దానికి గింజలు పెద్దగా పడలేదు. ఆవిడ లూప్ చేతిలో పట్టుకుని చూపించి, కాపర్ టీకీ దీనికీ తేడా చెప్పాక, మధ్యాహ్నం మూడు జట్లూ దాన్ని పైకి జరిపాయి. అది రెండో స్థానానికి వచ్చింది. మూట ఎత్తే ప్రశ్న మొదటిది. చెరుకు వలస ప్రశ్న నాలుగు. జవాబు ఊరికి చేరకపోవడం అయిదు. లాప్రోస్కోపీ తొమ్మిదో స్థానంలో ఆగింది.

తర్వాత ఏమైంది

సంస్థ మొదటి రెండూ చేపట్టింది. మూడోది చేపట్టలేదు. ప్రైవేటు ఆసుపత్రుల కేస్ షీట్లు చూసే అధికారం తమకు లేదని, జిల్లా పర్యవేక్షణ కమిటీ అడిగితే సాంకేతిక సాయం చేస్తామని రాసిచ్చింది. ఆ ఉత్తరాన్ని ఊళ్లలో చదివి వినిపించాం. కొన్నిచోట్ల కోపం వచ్చింది. మరి కమిటీకి మేమే రాస్తే అని రెండు ఊళ్లలో అడిగారు. ఉత్తరం నకలు, కార్డు నకలు వాళ్లకిచ్చాం. నాలుగో ప్రశ్నకు డబ్బు వేరేచోట వెతుకుతున్నారు.

ఇంకోసారి చేస్తే మార్చవలసినవి ఉన్నాయి. కుదింపు గదిలో ఆడవాళ్ల తరఫున ఇద్దరు మొదటి రోజు నుంచే కూర్చోవాలి. అప్పుడు 31 ప్రశ్నల జాబితాకు పోయిన రెండు నెలలు మిగిలేవి. పెళ్లి కాని అమ్మాయిలకు గుంపు పెట్టలేదు. రేపు ఈ ఆపరేషన్ ముంగిట నిలబడేది వాళ్లే. భర్తల గుంపుకు రెండు మీటింగులతో సరిపెట్టాం, అది చాలలేదు. ఆసుపత్రి బిల్లుకు అప్పు తెచ్చేది వాళ్లు, ఆ అప్పు ప్రశ్న జాబితాలో పలచబడింది. ఖర్చులో అన్నిటికన్నా పెద్ద భాగం కూలి కవర్లదే. బడ్జెట్ తగ్గించమన్నప్పుడల్లా అందరి కళ్లూ మొదట దాని మీదే పడ్డాయి. దాన్ని తగ్గించడానికి ఒప్పుకోకుండా, వర్క్‌షాపును పట్నం హోటల్లో కాక మండల కేంద్రంలోని ఫంక్షన్ హాల్లో పెట్టి సరిపెట్టాం.

మొదటి ప్రశ్న మీద అధ్యయనానికి సలహా కమిటీ ఏర్పడింది. 9 మందిలో ముగ్గురు ఊరివాళ్లు. కోలుకున్నారో లేదో దేనితో కొలవాలన్న చర్చలో నొప్పిని సున్నా నుంచి పది దాకా కొలిచే గీత పెడదామని పరిశోధకులు అన్నారు. ఆ ముగ్గురూ ఇంకోటి అడిగారు: నీళ్ల బిందె చంకనెత్తుకుని బోరు నుంచి ఇంటిదాకా ఆగకుండా నడవగలిగిందా, లేదా. బిందె నిండా నీళ్లు పోసి తూకం వేయించారు. ఇప్పుడు రెండు కొలతలూ అధ్యయనం ఎలా చేయాలో రాసుకున్న ప్రోటోకాల్‌లో ఉన్నాయి. రెండు గళ్ల కార్డు నకలు దాని మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంది.